దొంగరాత అంటే ఏమిటో తెలుగులో చెప్పరా?

హోసూరు, ఆనేకల్లు, కృష్ణగిరి, ముళబాగిలు ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి నేడు ఎందరో పిల్లలు ఎమ్మెస్సీ, ఎంఏ, పీహెచ్‌డీ చదువులకు బెంగళూరు చేరుతున్నారు. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో రైలు రావటంతో ఆ దారి కొంత సులువైంది. దారి దగ్గరైంది గాని, విశ్వవిద్యాలయపు గడప దాటాక ఎదురయ్యే నియమాల భాష దగ్గర కాలేదు. పిల్లవాడి చదువును అర్ధాంతరంగా ఆపగల ఆ నియమాలు అతని తల్లిదండ్రులకే కాదు, చాలాసార్లు అతనికే అర్థం కావటం లేదు.

ఆ నియమాలేమిటో ముందు తెలుసుకోవాలి. ఉన్నత విద్యలో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచననో ఆలోచననో తనదిగా చూపుకోవటమే గ్రంథచౌర్యమని వాటి నిర్వచనం. సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం దాకా ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని ఇవ్వటానికి వీల్లేదు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. మూలాన్ని పేర్కొని ఉదహరించిన వాక్యాలనూ, ఆధార గ్రంథాల పట్టికనూ ఈ లెక్కలోంచి తీసివేస్తారు. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తిచేసి, 55 శాతం మార్కులు తెచ్చుకోవాలి. పరిశోధన, ప్రచురణల నీతి అందులో తప్పనిసరి పాఠం.

చూడటానికి అంతా పద్ధతిగానే ఉంది. కాని ఒక సంగతి చాలామంది గమనించలేదు. 2018 నిబంధనలు అసైన్‌మెంట్లను, టర్మ్ పేపర్లను, ప్రాజెక్టు రిపోర్టులను, కోర్సువర్క్‌ను తమ పరిధి నుంచి మినహాయించాయి. అంటే విద్యార్థికి రాత అలవాటయ్యే చోట దేశమంతటికీ వర్తించే కొలత లేదు. అక్కడ ఏ విభాగానిది ఆ విభాగపు పద్ధతి. ఒకచోట ఎత్తిరాసినా మార్కులు పడతాయి, మరోచోట సున్నా పడుతుంది. రెండేళ్లు చూసీ చూడనట్లు వదిలేసి, చివరి ఏడాది సిద్ధాంత గ్రంథాన్ని యంత్రం ముందు పెట్టి శాతాలు లెక్కగట్టటం ఏం న్యాయం?

మన పిల్లల స్థితి మరీ చిక్కైనది. ఇంట్లో తెలుగు. బడిలో కోలారు వైపు కన్నడం. తమిళనాడులో 2006 చట్టం తరువాత తెలుగు బడి పిల్లలకు సైతం తమిళం తప్పనిసరి. పై చదువు ఇంగ్లీషు. బడిలో గైడు పుస్తకంలోని జవాబును అక్షరం పొల్లుపోకుండా అప్పగించినవాడే మంచి విద్యార్థి. పదిహేనేళ్లు అదే మెప్పు పొందినవాడికి, విశ్వవిద్యాలయంలో అదే పని నేరమని ఎవరు చెప్పారు? చెప్పినా ఏ భాషలో చెప్పారు? చదివింది అర్థమవుతుంది, దాన్ని సొంత ఇంగ్లీషులో చెప్పటానికి మాట చాలదు. అప్పుడు పుస్తకంలోని వాక్యం తీసుకుని నాలుగు మాటలు మారుస్తాడు. యంత్రం దాన్ని దొంగతనంగానే లెక్కిస్తుంది.

ఇక్కడ మనం స్పష్టంగా ఉండాలి. డబ్బిచ్చి ప్రాజెక్టు కొనుక్కోవటం, మరొకరి చేత థీసిస్ రాయించుకోవటం, చేయని ప్రయోగానికి అంకెలు వేయటం, ఇవి మోసాలు. ఏ భాషవాడు చేసినా మోసమే. భాష చాలక వాక్యాలు అతికించటం వేరు. అది నేర్పితే పోయే లోపం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టవద్దన్నదే మన కోరిక. ఇంగ్లీషు రానివారికి మినహాయింపు అడుగుతున్నారా అని ఎవరైనా అంటే, లేదు, వివరణ అడుగుతున్నామని జవాబు చెప్పాలి.

నిజాయితీ అంటే ఏమిటో మన ఇళ్లకు తెలియనిది కాదు. బొమ్మసంద్ర మందుల ఫ్యాక్టరీలలో షిఫ్టు పనిచేసే అన్నను అడగండి. కొలత తీసిన వెంటనే, తీసినవాడే రాసి సంతకం పెట్టాలి. తప్పు పడితే చెరిపేయకూడదు, కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, తేదీ రాయాలి. చూడని అంకె రాస్తే ఆ మందు మింగే రోగికి ముప్పు. పరిశోధకుడి నోటు పుస్తకానికీ ఇదే ధర్మం. ఈ మాట తండ్రికి తెలుసు, కొడుకుకు కావాలి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాషలో మాత్రం విశ్వవిద్యాలయం మాట్లాడదు.

ఇక రెండో వైపు కూడా చూడాలి. తెలుగులో రాసే పరిశోధనకు యంత్రం భయం తక్కువ. తన నిల్వలో ఉన్నదానితోనే యంత్రం పోల్చగలదు. మన పాత అచ్చు పుస్తకాలు, పత్రికలు ఎన్నో ఆ నిల్వకు చేరనేలేదు. కన్నడ గ్రంథంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి పెడితే పట్టుకోవటం ఇంకా కష్టం. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఆ తర్జుమాకూ శ్రమ లేకుండా పోయింది. దొరకము గదా అని ఈ సందును వాడుకునేవారు తెలుగుకు శత్రువుల కన్నా ఎక్కువ కీడు చేస్తారు. ద్రావిడ భాషల కోసం 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం, దూరవిద్యలో ఇచ్చిన పరిశోధక ప్రవేశాల వల్ల ఎంత వివాదంలో పడిందో మనం చూశాం. పట్టా చులకనైతే భాషా చులకనవుతుంది. తెలుగులో ఉన్నత విద్య కావాలని అడిగే మన గొంతుకు అప్పుడు బలం ఎక్కడిది?

సాయం పొందితే చెప్పుకోవాలన్న నీతి మనకు పరాయిది కాదు. పదకొండో శతాబ్దిలో భారతాన్ని తెలుగు చేయటానికి పూనుకున్న నన్నయ, తనకు తోడ్పడిన నారాయణభట్టు పేరు కావ్యారంభంలోనే చెప్పాడు. అందువల్ల ఆదికవి గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. ఫుట్‌నోటు అంటే బెదిరే మన పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా సగం భయం పోతుంది.

కనుక అడగవలసినవి అడుగుదాం. బాధ్యత గల పరిశోధనపై ప్రతి సెమిస్టరూ అవగాహన సదస్సులు జరపాలని 2018 నిబంధనలే చెబుతున్నాయి. వాటిలో ఒకటైనా కన్నడ, తెలుగు, తమిళాల్లో జరగాలి. ఏది ఉదాహరణ, ఏది సారాంశం, ఏది చౌర్యం అని నమూనాలతో చూపే చిన్న పుస్తకం ఈ భాషల్లో రావాలి. సారాంశాన్ని ముందు సొంత భాషలో రాసుకుని, పుస్తకం మూసి, ఆ తరువాత ఇంగ్లీషు చేసుకునే పద్ధతిని గైడులు ప్రోత్సహించాలి. కోర్సువర్క్‌లో మొదటిసారి తప్పు పడితే తిరగరాయించాలి. తెలిసీ మళ్లీ చేస్తే మార్కులు తీసేయాలి. ఈ నియమాన్ని చేరిన రోజే రాతపూర్వకంగా ఇవ్వాలి.

తల్లిదండ్రుల వంతూ ఉంది. “ఎప్పుడు ముగిస్తావు?” అని నెలనెలా నిలదీసే ముందు, “ఏం చేస్తున్నావో మన మాటల్లో చెప్పు” అని అడగండి. తన పరిశోధనను అమ్మకు తెలుగులో చెప్పగలిగినవాడు ఇతరుల వాక్యాలను అరువు తెచ్చుకోవలసిన అగత్యం చాలావరకు తప్పుతుంది. చెప్పలేకపోతే, ఇంకా అర్థం కాలేదని వాడికే తెలుస్తుంది. తిరిగి చదువుకోవటానికి అప్పటికింకా వేళ మించిపోయి ఉండదు.