సికిల్ సెల్: గుండెనూ కాపాడాలి
వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023లో చేపట్టిన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు తలపెట్టడం హర్షణీయమే. కానీ వ్యాధిని గుర్తించడం తొలిమెట్టు మాత్రమే. బాల్యం గట్టెక్కిన రోగుల్లో దీర్ఘకాల రక్తహీనత వల్ల గుండె పెద్దదవుతుంది. చిట్లిన ఎర్రకణాల నుంచి వెలువడే హిమోగ్లోబిన్ రక్తనాళాలను బిగదీసి, కొందరిలో ఊపిరితిత్తుల రక్తపోటుకు దారితీస్తుంది. ఆయాసం రక్తం తక్కువై వచ్చిందేనని సరిపెట్టుకుంటే ఈ ముప్పు బయటపడదు. ఏజెన్సీలో హృద్రోగ నిపుణులెక్కడన్న ప్రశ్న సబబే. అయితే అందరికీ గుండె ఎకో పరీక్ష అక్కర్లేదు; ఆయాసం, కాళ్లవాపు, ఆక్సిజన్ తగ్గుదల కనిపించినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సకాలంలో పెద్దాసుపత్రికి పంపాలి. ఆ ప్రయాణ ఖర్చును, ఈ వ్యాధికి వాడే హైడ్రాక్సీయూరియా మందు నిరంతర సరఫరాను ప్రభుత్వాలే భరించాలి. రోగికి పరీక్ష ఫలితం కార్డు చేతికివ్వడంతో బాధ్యత తీరిపోదు.