బొగ్గు లెక్క, బూడిద లెక్క

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు జూన్‌లో పెడితే తవ్వేది జనవరి దాటాకే. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు దగ్గరే ఉన్నా ఈ పల్లెల్లో చాలా పొలాలకు బోరు మోటారే దిక్కు. 2018కి ముందు కరెంటు వంతులవారీగా వచ్చేది. అర్ధరాత్రి వంతుకు పొలం వెళ్లలేక రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకునేవారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే తిరగడంతో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. దాన్ని ట్రాక్టర్‌లో వేసుకుని రిపేరుకు తీసుకెళ్లే భారమూ రైతుల మీదే పడేది. 2018 జనవరి 1న 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆ బాధ తగ్గింది. ఇంధన భద్రత అంటే ఇక్కడ అర్థం ఇదే.

అందుకే పర్యావరణ నిబంధనలు కరెంటుకు అడ్డుపడుతున్నాయన్న వాదన ఇక్కడ సులువుగా నాటుకుంటుంది. దామరచర్లలోని 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్నే ఉదాహరణగా చూపుతారు. 2015 జూన్‌లో శంకుస్థాపన, 2017లో పర్యావరణ అనుమతి. 2022 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని నిలిపివేసి, మళ్లీ అధ్యయనం చేయమంది. 2024లో మరోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తొలి యూనిట్ ప్రారంభమైంది ఆ ఏడాది డిసెంబరులో.

ఆ తీర్పు వెనుక ఉన్న చిక్కు బొగ్గుది. దిగుమతి బొగ్గు కలిపి మండిస్తామన్న లెక్కతో అనుమతి తెచ్చుకుని, తరువాత దేశీయ బొగ్గుకే మారారు. దేశ ఇంధన భద్రత కోణంలో ఆ మార్పు మంచిదే. 2022లో దిగుమతి బొగ్గు కలపాలని కేంద్ర ప్రభుత్వం ఒత్తిడి తెచ్చినప్పుడు రాష్ట్రాలు ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాం. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఎంత బూడిద వస్తుంది, ఏ చెరువులోకి పోతుంది, పక్క పొలాల గతేమిటి అన్నది మళ్లీ లెక్క కట్టాల్సిందే. బొగ్గు సంగతి ముందే తేల్చుకుని ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. మణుగూరు దగ్గరి భద్రాద్రి కేంద్రానిదీ ఇదే దారి. అనుమతి రాకముందే పనులు మొదలుపెట్టి ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

నియంత్రించేవారి తప్పూ చిన్నది కాదు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను వడకట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో ఆదేశించిన కేంద్ర ప్రభుత్వం, గడువు పొడిగిస్తూ పోయి, 2025 జులైలో అత్యధిక విద్యుత్ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. మన బొగ్గులో గంధకం (సల్ఫర్) తక్కువన్నది నిజమే. అది 2015లోనూ నిజమే కదా! మాట నమ్మి కోట్లు ఖర్చుపెట్టిన కేంద్రాలు నష్టపోయాయి, ఆగి చూసినవి లాభపడ్డాయి. ఇలాంటి అనిశ్చితిలో ఎవరు ముందుకొచ్చి పెట్టుబడి పెడతారు?

ఈ తప్పులు రామగుండంలో మళ్లీ జరగకూడదు. విభజన చట్టం ప్రకారం తెలంగాణలో ఎన్‌టీపీసీ కట్టాల్సిన 4000 మెగావాట్లలో అక్కడి తొలి దశ 1600. మిగిలిన 2400 మెగావాట్లకు బొగ్గు ఏ గని నుంచి వస్తుందో, బూడిదను ఎక్కడికి తరలిస్తారో, గోదావరి నీళ్లు ఎన్ని వాడతారో పునాది తవ్వకముందే రామగుండం ప్రజల ముందు పెట్టాలి.