రక్తం ఒక్కటే సరిపోదు

తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ బతకాలంటే రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఈ సంగతి మన మహల్లాలలో ఇప్పుడు చాలామందికి తెలుసు. రక్తం కావాలని కబురు అందితే మన యువకులు అర్ధరాత్రి అయినా బయలుదేరుతున్నారు. వారిని మనసారా అభినందిస్తున్నాము. అయితే రక్తం ఎక్కించి ఇంటికి పంపిన నాటి నుంచి మళ్ళీ రక్తం అవసరమయ్యే నాటి వరకు ఆ బిడ్డ ఎలా బతుకుతున్నాడని మాత్రం మనం అడగడం లేదు. ఈ నెల సంపాదకీయాన్ని ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

ఇటీవల ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు, పన్నెండేళ్ళ బాలుడు మా పక్కన కూర్చొని నెమ్మదిగా అడిగాడు: “దాదా, నేను లేకపోతే ఆపా పెళ్ళి ఎప్పుడో అయిపోయేది కదా?”

ఆ ఇంట్లో ఎవరూ ఆ పసివాడితో అంత మాట అనలేదు. అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. “ఆ ఇంట్లో రక్తం జబ్బు ఉందట” అని మగపెళ్ళివారు వెనక్కు తగ్గారు. పెద్దలు వరండాలో ఆ విషయం మాట్లాడుకుంటూ ఉండగా, బిడ్డ నిద్రపోయాడనుకున్నారు. వాడు నిద్రపోలేదు.

నిజానికి ఆ సంబంధం తప్పిపోవలసిన అవసరమే లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపులా జన్యులోపం సంక్రమిస్తేనే బిడ్డకు తలసీమియా మేజర్ వస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే అతడు క్యారియర్ మాత్రమే. క్యారియర్ ఆరోగ్యంగా ఉంటాడు, చదువుకుంటాడు, సంపాదిస్తాడు, పిల్లలను కంటాడు. ఆ అమ్మాయి క్యారియర్ అయినా, పెళ్ళికుమారుడు క్యారియర్ కాకపోతే వారి పిల్లలకు ఆ జబ్బు రాదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయిస్తే విషయం తేలిపోయేది. పరీక్ష చేయించడానికి బదులు మనుషులు ముఖం చాటేశారు. ఆ భారమంతా ఒక పన్నెండేళ్ళ బిడ్డ గుండెల మీద పడింది.

ఇటువంటి నిందలు ముందుగా తల్లి మీద పడతాయి. “నీ వైపు రక్తంలోనే ఉంది” అని అత్తవారింట ఆమెను దెప్పుతారు. జబ్బుకు కారణమైన లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ సమానంగా ఉన్నప్పుడు ఒక్కరిని నిందించడం అజ్ఞానం. అది అన్యాయం కూడా. మరికొందరు దిష్టి అంటారు, తాయెత్తు కడతారు. దువా చేయడం మన ఈమాన్‌లో భాగమే. అయితే దువా పేరుతో మందు ఆపించడం బిడ్డ ప్రాణంతో చెలగాటమాడడమే. “ఇది మీ గునాహ్‌కు శిక్ష” అని బిడ్డ వినేటట్లు పలకడం అంతకంటే ఘోరం. పసివాడు ఏ గునాహ్ చేశాడు?

బిడ్డ మనసు గురించి ఇంతగా ఎందుకు రాస్తున్నారని కొందరు పాఠకులు అడగవచ్చు. పదే పదే రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో ఇనుము పేరుకుపోతుంది. దానిని బయటికి పంపే మందు క్రమం తప్పకుండా వాడకపోతే గుండె, కాలేయం, హార్మోన్ గ్రంథులు దెబ్బతింటాయి. చిన్నతనంలో అమ్మ దగ్గరుండి మింగిస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చాక ఆ మందు బిడ్డ తనంతట తాను వేసుకోవాలి. తన ఎత్తు పెరగలేదని, ముఖం మారిందని తోటివారు ఎగతాళి చేస్తూ ఉంటే, తాను ఇంటికి బరువని నమ్మితే, ఆ బిడ్డ మందు ఎవరికోసం వేసుకుంటాడు? మాత్రను దిండు కింద దాచిన పిల్లలను మేము చూశాము. బిడ్డకు ధైర్యం చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని అందుకే అంటున్నాము.

ఇక బడి సంగతి. రక్తం ఎక్కించుకునే రోజున బిడ్డ బడికి రాలేడు. నెలకు ఒకటి రెండు రోజులు అలా పోతాయి. హాజరు తక్కువని అందరి ముందూ నిలబెట్టి అడిగితే బిడ్డ బడికే రానంటాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఆ జాబితాలో ఉన్నాయి. వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిడ్డ అవసరానికి తగిన సౌకర్యం కల్పించాలని ఆ చట్టం ప్రభుత్వ గుర్తింపు, నిధులు పొందే విద్యాసంస్థలకు విధించింది. ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య ఆ బిడ్డ హక్కు. ఆసుపత్రి రోజును వైద్య సెలవుగా పరిగణించమని, తప్పిన పాఠం మరల చెప్పించమని బడిని కోరడానికి తల్లిదండ్రులు సంకోచించనవసరం లేదు.

ఇక్కడ మా గురించి ఒక మాట చెప్పుకోక తప్పదు. మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చాలా ఏళ్ళు పనిచేశాము. జబ్బు బిడ్డను చంకనేసుకొని వచ్చిన తల్లులతో “జత కాగితం లేదమ్మా, రేపు రండి” అని మేము కూడా అన్నాము. ఆ రేపటి కోసం ఆమె ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుందో అప్పుడు మేము లెక్క వేయలేదు. ఆ అపరాధం తీర్చుకునే ప్రయత్నంగానే ఈ మాటలు రాస్తున్నాము. ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు వెళ్ళేటప్పుడు ఆసుపత్రి కాగితాలు, ఆధార్, ఫొటోలు రెండేసి ప్రతులు ఉంచుకోండి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ తేదీతో రసీదు అడగండి. నోటిమాటగా కాదంటే, ఆ కాదన్నది కాగితం మీద ఇమ్మని మర్యాదగా కోరండి. మహల్లాలో మా వంటి విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. వారానికి ఒక పూట ఆ తల్లి వెంట కార్యాలయానికి నడిస్తే చాలు, అది సదకాయే.

నివారణ గురించి కూడా చెప్పాలి, జాగ్రత్తగా చెప్పాలి. ఈ జబ్బుకు మతం లేదు. తెలుగునాట మేనరికాలు అన్ని సముదాయాలలోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. దగ్గరి బంధువులలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువులలో పెళ్ళి మనకు అనుమతి మాత్రమే, విధి కాదు. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి పెళ్ళికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. మన ఖాజీ సాహెబులు, మస్జిద్ కమిటీలు నిఖా మాట కుదరక ముందే పరీక్ష చేయించమని చెప్పడంలో షరీఅత్‌కు విరుద్ధమైనదేదీ లేదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు సభలో జబ్బు బిడ్డ ఉన్నాడేమో చూడండి. “ఇలాంటి పిల్లలు పుట్టకుండా” అన్న మాట వాడి చెవికి “నీవు పుట్టకుండా ఉండవలసింది” అని వినిపిస్తుంది.

రంజాన్ నెలలో ఈ కుటుంబాల కష్టం రెట్టింపవుతుంది. దాతలు ఉపవాసంలో ఉంటారు, రక్తం దొరకదు. ఇఫ్తార్ తరువాత రక్తదానానికి ఏర్పాటు చేస్తే రోజా విషయమై ఎవరికీ సందేహం ఉండదు. అలాగే, రోగికి రోజా విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. యుక్తవయసు రాని పిల్లలకు అది విధి కానే కాదు. టైప్ 1 మధుమేహంతో ఇన్సులిన్ తీసుకునే అమ్మాయిని “ఇంత పెద్దదానివై రోజా లేదా?” అని పదిమందిలో అడిగేవారు ఆ సడలింపును గుర్తు చేసుకోవాలి. ఆ ప్రశ్నకు భయపడి పిల్లలు డాక్టరును అడగకుండానే ఉపవాసముండి ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు.

రోగిని పరామర్శించడం ముస్లిముపై ముస్లిముకు గల హక్కులలో ఒకటి. పరామర్శ అంటే పండ్లు తీసుకొని వెళ్ళి జబ్బు గురించే గంటసేపు మాట్లాడి రావడం కాదు. బిడ్డతో క్యారమ్స్ ఆడండి, చదువు గురించి అడగండి. తోబుట్టువులను కూడా పలకరించండి. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజున వారికి అన్నం ఎవరు పెట్టారో కనుక్కోండి. తల్లిదండ్రులు అంగీకరిస్తే మస్జిద్ కమిటీలు అటువంటి కుటుంబాలను నెలకొకసారి ఒకచోట కలపాలి. తనలాగే రక్తం ఎక్కించుకుంటూ డిగ్రీ చదువుతున్న ఒక యువకుడిని చూస్తే బిడ్డకు కలిగే ధైర్యం మన ఉపన్యాసాలతో రాదు.

ఆ రోజు ఆ బాలుడికి మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. భుజం మీద చెయ్యి వేసి, “నీ వల్ల కాదు బేటా, మా పెద్దల తెలివితక్కువ వల్ల” అని మాత్రం అన్నాము. వాడు నమ్మినట్లు అనిపించలేదు. వాడు నమ్మాలంటే మన మాట కంటే మన నడవడి మారాలి. ఆ ఇంటికి సంబంధం కలుపుకోవడానికి ఈ పాఠకులలో ఎవరైనా ఒక రక్తపరీక్షతో ముందుకు వస్తే, అదే వాడికి సరైన జవాబు.