చప్పుడు షాఫ్టుది, ఖర్చు గేరుబాక్సుకు

కోదాడ (మా విలేకరి): వరి కోతలు మొదలైతే కొనుగోలు కేంద్రాల వద్ద తరచు వినిపించే ఫిర్యాదు లారీ రాలేదనే. రాని లారీల్లో కొన్ని రోడ్డు పక్క షెడ్లలో గేరుబాక్సు దింపుకొని ఉంటాయి. కాంటా అయిన బస్తాలు కల్లంలోనే ఉండిపోతే వాన భయం రైతుది, బత్తా నష్టం డ్రైవరుది, కిస్తీ భారం యజమానిది. తీరా విప్పి చూస్తే గేరుబాక్సులో లోపమే లేదని తేలే సందర్భాలూ లేకపోలేదు.

ఇంజను శక్తి క్లచ్, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, క్రౌన్‌ల మీదుగా వెనుక చక్రాలకు చేరుతుంది. ఈ వరుసలో ఒకచోట పుట్టిన చప్పుడు మరోచోట వినిపిస్తుంది. కనుక చప్పుడు ఎక్కడ వినిపిస్తున్నదని కాక, ఎప్పుడు వస్తున్నదని చూడాలి.

బండి కదిలేటప్పుడు, ఆక్సిలేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు 'టక్కు'మంటే ముందుగా షాఫ్టు క్రాసులను అనుమానించాలి. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, షాఫ్టును చేత్తో ఆడిస్తే వదులు తెలిసిపోతుంది. క్రాసు కప్పుల వద్ద ఎర్రని తుప్పు పొడి ఉంటే లోపల గ్రీజు ఎండినట్లే. వేగంతోపాటు అదురు పెరిగి, అదే వేగంలో గేరు మార్చినా తగ్గకుంటే షాఫ్టు వంపు, సెంటర్ బేరింగు, చక్రాలు చూడాలి.

నిలిచి ఉన్న బండి న్యూట్రల్‌లో రొద చేసి, క్లచ్ తొక్కగానే ఆగితే గేరుబాక్సు బేరింగును, తొక్కినప్పుడే రొద వస్తే క్లచ్ బేరింగును అనుమానించాలి. ఏదో ఒక్క గేరులోనే రొద వచ్చినా, ఆయిలులో ఇనుప ముక్కలు కనిపించినా గేరుబాక్సు విప్పడం సబబు.

ఈ బెడదకు ముఖ్య కారణాలు గ్రీజు కొట్టకపోవడం, అధిక లోడు. 2018లో పెంచిన పరిమితి ప్రకారం పది టైర్ల లారీ సరుకుతో సహా 28.5 టన్నులు దాటరాదు. అంతకు మించి ఎత్తి, బురదలోంచి ఒక్కసారిగా క్లచ్ వదిలితే దెబ్బ క్రాసుల మీదే పడుతుంది. క్రాసు విరిగి షాఫ్టు ఊడితే పక్కనున్న బ్రేకు గాలి గొట్టాలు తెగే ప్రమాదం ఉంది. అప్పుడు పోయేది డబ్బు మాత్రమే కాదు.

క్రాసుకు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటకు రావాలి. షాఫ్టు విప్పితే ముందు గుర్తులు పెట్టుకొని, బిగించేటప్పుడు వాటిని కలపాలి. లేకుంటే బాగుచేసిన బండే అదురుతుంది.

గేరుబాక్సు దింపుదామన్న మేస్త్రీని 'ఏ గుర్తు చూసి?' అని యజమాని అడగడం తప్పు కాదు. ఆ అరగంట పరీక్షతో కల్లంలోని ధాన్యం వేళకు మిల్లు చేరవచ్చు.