ఆమె పేరు అడగని పాఠం

పీజీ క్లాసుల్లో అంతర్జాతీయ పత్రికల కథనాలను పాఠాలుగా పెట్టాలని మొన్నటి వర్క్‌షాపులో తీర్మానం చేశారు. పిల్లలకి ప్రపంచం తెలుస్తుందట, ఇంగ్లీషు మెరుగవుతుందట. నేనూ చెయ్యెత్తాను. ఎలా చదివిద్దాం అన్న ప్రశ్న వచ్చేసరికి టీ బ్రేక్ అయింది.

మాకిచ్చిన నమూనా పాఠం నేషనల్ జియోగ్రాఫిక్ 1985 జూన్ సంచిక ముఖచిత్రం. ఆకుపచ్చ కళ్ల ఆఫ్ఘన్ అమ్మాయి. మీరూ చూసే వుంటారు. కింద ప్రశ్న: 'ఈ కళ్లలో ఏం కనిపిస్తోంది? అయిదు వాక్యాల్లో రాయండి.' భయం, వేదన, యుద్ధం అని రాస్తే మార్కులు.

స్టీవ్ మెక్కరీ 1984లో ఆ ఫొటో తీసింది పెషావర్ దగ్గరి నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరంలో, ఆడపిల్లల బడి నడుస్తున్న డేరాలో. అంటే ఆమె కూడా క్లాసులో కూచున్న పిల్లే. ఆ ముఖం పదిహేడేళ్లు ప్రపంచమంతా తిరిగింది. పత్రిక దగ్గర ఆమె పేరు మాత్రం లేదు. 2002లో వెతికి పట్టుకుని, కనుపాపల్ని పోల్చి చూసి ఆమేనని తేల్చుకున్నారు. పేరు షర్బత్ గులా. ఆ ఫొటోని అప్పటిదాకా ఆమె చూడనే లేదు. ఆ రోజు గురించి ఆమెకి గుర్తున్నది కోపం. ఎవరో పరాయి మగవాడు ఫొటో తీస్తున్నాడని కోపం! మనం దాన్ని భయమని చదువుకున్నాం. 2016లో పాకిస్తాన్ ఆమెని నకిలీ గుర్తింపు కార్డు కేసులో అరెస్టు చేసి ఆఫ్ఘనిస్తాన్‌కి పంపేసింది. తాలిబన్లు తిరిగొచ్చాక, 2021లో, ఇటలీ ఆశ్రయమిచ్చింది. ఇవేవీ మా పాఠంలో లేవు.

"రాజకీయాలెందుకు మేడమ్, భాష నేర్పండి చాలు" అన్నారొక సహోద్యోగి. కథలో స్త్రీని ఎవరు చూస్తున్నారు, ఎవరి గొంతుతో చెబుతున్నారు అని ఇన్నేళ్లుగా నిలదీస్తున్నవాళ్లం కదా మనం. అచ్చయింది వార్త అనగానే ఆ ప్రశ్నలు ఎక్కడికి పోతాయి? తమ పాత కథనాల్లో జాతివివక్ష వుందని ఆ పత్రికే 2018లో ఒప్పుకుంది. ఆ కబురు మన సిలబస్ కమిటీలకింకా చేరినట్టు లేదు.

ఇదంతా క్లాసులో చెప్పాను. చివరి బెంచీ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఒక పేపర్ కటింగ్ తెచ్చింది. అప్పులపాలైన వాళ్ల నాన్న పురుగుమందు తాగిన రోజుది. గుమ్మంలో కూలబడ్డ తల్లి ఫొటో కింద, 'విలపిస్తున్న మృతుని భార్య.'

"మా అమ్మ పేరు లేదు మేడమ్" అంది.

అయిదు వాక్యాల ప్రశ్న కొట్టేశాను. ఆ రోజు ఆ కటింగే చదివాం. తల్లి పేరు బోర్డు మీద ఆ అమ్మాయే రాసింది.