చుక్కాని విడువగలిగిన చేయి

ఇంగ్లండులో బొగ్గు రవాణాకై 18వ శతాబ్దంలో త్రవ్విన ఇరుకు కాలువలపై నేటికీ సన్నని పొడవాటి పడవలు సంచరిస్తున్నాయి. వాటి వెడల్పు 7 అడుగుల లోపే; అంతకు మించినది అక్కడి లాకులలో పట్టదు. గోదావరి డెల్టా లాకులను ఎరిగినవారికి ఆ పద్ధతి క్రొత్త కాదు. ఈ పడవలలో కొన్నింటిని ధర్మసంస్థలు నిర్వహిస్తున్నాయి. చక్రాల కుర్చీతో సహా మనిషిని లోనికి దించే లిఫ్టు అమర్చి, వికలాంగులను, వృద్ధులను జలవిహారానికి తీసుకొనిపోతాయి. నడిపేవారు స్వచ్ఛంద సేవకులు.

ఈ సేవలో మనసును ఆకర్షించేది చుక్కాని. మరుగుదొడ్డి తొట్టిని ఖాళీ చేయడం, పడవ అడుగున చేరిన జిడ్డునీటిని తోడడం ఎవరికీ అంత ప్రియం కాదు. కనుక నిష్కామకర్మ అనగానే ఆ మలినకార్యాలనే ఉదాహరిస్తారు. అది సత్యమే గాని అసంపూర్ణం. తొట్టిని కడిగిన చేతికి కూడా అహంకారం అంటుకొనగలదు.

కఠినపరీక్ష వేరొకటి ఉంది. కుర్చీలోని అతిథి "ఒక్కసారి నేను పట్టుకోవచ్చునా?" అని అడుగుతాడు. చుక్కాని పిడిని కుడికి నెడితే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. క్రొత్తవారు తడబడక తప్పదు. పడవ గట్టువైపు మళ్లుతుంది. సేవకుని చేయి అప్రయత్నంగా లేస్తుంది. వేగపరిమితి గంటకు 4 మైళ్లు, దాదాపు నడక వేగం; తిన్నని కాలువలో గట్టు తగిలితే సాధారణంగా పోయేది కొంచెం రంగు. అయినా ఆ చేయి ఆగదు. గీత 18వ అధ్యాయం ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం అనే ఐదు హేతువులను చెప్పి, తానొక్కడే కర్తనని తలచేవానిది అవివేకమన్నది. పడవ కూడా అధిష్ఠానమే. నడిపేది తానేనన్న తలపే ఆ చేతిని లేపుతుంది.

అయితే త్యాగమంతా సాత్త్వికం కాదు. లాకులో నీరు దిగుతున్నప్పుడు ఎగువ తలుపు దగ్గరి రాతి గడపపై పడవ వెనుకభాగం చిక్కుకుంటే పడవ వాలి మునిగిపోవచ్చు. అక్కడ చుక్కానిని అతిథికి వదలి ప్రక్కకు తొలగడం అదే అధ్యాయం చెప్పిన తామసత్యాగం. నియతకర్మను మోహంతో విడవడమే అది. లాకు వద్ద పట్టు, తిన్నని కాలువలో విడుపు: ఈ వివేకం లేని సేవ పరుల పేరిట సాగే స్వవినోదం.

విచిత్రమేమంటే, నిన్న చేరిన సేవకునికి పిడి అప్పగించడం సులభం, అతడికింకా అదంటే భయమే. కష్టమంతా ఇరవై ఏళ్లుగా పట్టుకొన్నవానిదే.