రెండు రిషభాల తగువు



రాజోలు నుంచి ఒక చెల్లాయి ఉత్తరం రాసింది. వాళ్ళ మేనమామ ఆమెకు ఉకులేలే కొనిచ్చాడట. సంగీతం పాఠం అయిపోయాక, సరళీ స్వరాలు పాడుతూ దాన్ని వాయించాలని కూర్చున్నది. కూడా వచ్చిన పుస్తకంలో చూపినట్టే వేళ్ళు పెట్టింది. "మొదటిది బాగానే మోగింది అన్నయ్యా! రెండోది మోగించి 'రి' పాడేసరికి చెవులు గింగురుమన్నాయి. వంటింట్లోంచి మామ్మ 'ఆపవే తల్లీ!' అన్నది. తప్పు నాదా, పుస్తకానిదా? దీన్ని అటక ఎక్కించమంటావా?" అని అడిగింది.

వద్దు చెల్లాయీ! తప్పు మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఎట్లాగో చూద్దాం.

1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి హవాయి వెళ్ళిన పోర్చుగీసువాళ్ళు తమ చిన్న తీగవాయిద్యాలు వెంట తీసుకుపోయారు. వాటినుంచి పుట్టినదే ఉకులేలే. దానికి నాలుగు తీగలు. ఒకటో శ్రుతిని 'స' అనుకుంటే, ఆ తీగలు వరసగా ప, స, గ, ధ పలుకుతాయి. వీణకు ఉన్నట్టే దీనికీ మెట్లుంటాయి. 'స' నుంచి పై 'స'కు పన్నెండు మెట్లు.

మూడు స్వరాలు ఒకేసారి మోగిస్తే దాన్ని పాశ్చాత్యులు కార్డ్ అంటారు. మనం 'గుత్తి' అందాం. గుత్తి కట్టటం సులభం: ఒక స్వరం తీసుకో, పక్కది వదులు, తరవాతది తీసుకో, మళ్ళీ ఒకటి వదిలి ఇంకొకటి తీసుకో. స-గ-ప ఒక గుత్తి. ప-ని-రి మరొకటి.

చిక్కంతా ఆ 'రి'లో ఉన్నది. పుస్తకంలోని గుత్తులు మన శంకరాభరణం స్వరాలతో కట్టినవి. అందులో 'రి', 'స'కు రెండు మెట్లు పైన ఉంటుంది. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో పాడతాం. అందులో 'రి' ఒక్క మెట్టే పైన. 'ధ' కూడా అంతే, ఒక మెట్టు దిగి ఉంటుంది. మనం మొదటిరోజునుంచీ పాడే ఈ వరస పాశ్చాత్యులకు వింతగా తోస్తుంది.

ఒకటో శ్రుతిలో 'స' సెకనుకు 262 సార్లు కంపిస్తుంది. చెల్లాయి పాడిన 'రి' 277 సార్లు. తీగ పలికిన 'రి' 294 సార్లు. రెండింటికీ తేడా 17. అంటే సెకనుకు దాదాపు 17 సార్లు ధ్వని పెరిగి తరుగుతుంది. గోదావరిలో రెండు పడవల అలలు కలిసినచోట నీళ్ళు ఎగిరెగిరి పడతాయే, అట్లాగన్నమాట. మామ్మ విన్న గరగర ఇదే!

మరి ఏం చెయ్యాలి? పుస్తకం ప్రకారం 'స' తీగను రెండో మెట్టు మీద నొక్కావు. ఆ వేలు ఒకటో మెట్టుకు జరుపు. తగువు తీరుతుంది. అయినా ఈ గుత్తి కొంచెం కుంటుతుంది. ఎందుకంటే, 'స' నుంచి 'ప'కు ఏడు మెట్లుంటే, ఇక్కడ 'ప' నుంచి పై 'రి'కి ఆరే ఉన్నాయి. అది తప్పు కాదు, ఆ రాగం స్వభావం.

హాయిగా మోగే గుత్తులూ ఉన్నాయి. ప, స, గ, ధ తీగల మీద మెట్లు వరసగా చెబుతాను. సున్న అంటే వట్టి తీగ.

స-గ-ప: 0, 0, 0, 3
రి-మ-ధ: 1, 1, 1, 4
మ-ధ-స: 1, 0, 1, 3
ధ-స-గ: 1, 0, 0, 3

మొదటిదానికీ చివరిదానికీ తేడా ఒక్క వేలే. ఆ వేలు పెట్టి తీసి చూడండి, దీపం తగ్గించి పెంచినట్టుంటుంది!

పరాయి వాయిద్యం మన రాగానికి పనికివస్తుందా అని మామ్మ అడగవచ్చు. రాజోలుకు ఆవల, వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు. 1969లో మాండలిన్ శ్రీనివాస్ అక్కడే పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి వినిపించేవారు, కుర్రవాడు ఆ స్వరాలను మాండలిన్ మీద వెతికి పట్టుకునేవాడు. 1978లో గుడివాడలో కచేరీ చేశాడు. అయితే ఆయన వాయించినది గుత్తులు కాదు. ఒక్కొక్క స్వరాన్నీ గమకంతో పలికించాడు. రాగానికి ప్రాణం అక్కడే ఉన్నది. అందుచేత చెల్లాయీ, నీ గొంతు ముందు నడవాలి, గుత్తి వెనకనుండాలి. ఆవృత్తానికి ఒక్కసారి మెల్లిగా మీటితే చాలు. మామ్మను పక్కన కూర్చోబెట్టుకుని పాడు.

ఇప్పుడు మీ అందరికీ ఒక పని. 'ని'తో మొదలుపెట్టి గుత్తి కట్టండి. మెట్లు లెక్కపెట్టి, అది ఎందుకు వింతగా ఉన్నదో నాకు రాయండి. ఉకులేలే లేనివాళ్ళు హార్మోనియం మీద చూడవచ్చు. జవాబు వచ్చే నెల.

మీ అన్నయ్య